ముద్రారాక్షసము, హాస్యపద్యము

అచ్చులో దొరలిన తప్పునకు తెలుగువారు పెట్టిన పేరు 'ముద్రారాక్షసము'. విశాఖదత్తుని నాటకపు పేరు కంపోజిటరు బల్లమీదికి దిగి, పరిహాసపదమైనది. తప్పును చూచి కోపగించుటకు మారుగా నవ్వగలిగిన భాషలో, ఆ నవ్వు విద్యాబోధనకు ఎంతవరకు పనికివచ్చునో విచారింపదగియున్నది.

వ్రాసినదానిని మరల చదువుమని విద్యార్థికి చెప్పుట సులభము; చదివించుట కష్టము. దీనికి సోమరితనమొక్కటే కారణము కాదు. వ్రాసినవాని కన్ను కాగితముపై నున్నదానిని గాక, మనస్సులో నున్నదానిని చూచును. లోపించిన అక్షరమును మనస్సే పూరించి, వాక్యము సరిగానున్నదని కన్నును నమ్మించును. అందువలన మందలింపు ఇచట అంతగా ఫలింపదు. బడిపిల్లలకు ఇట్టి పద్యమొకటి చదివి వినిపించినచో కథ మారును:

సున్న జారవిడిచి సొంపైన బండిని
బడిగ నచ్చువేసె పండితుండు;
కాడి గట్టి లాగె కష్టించి రైతన్న,
గోడ కదలదాయె, గురువు నవ్వె.

నవ్విన పిల్లవాడు వెంటనే తన పుస్తకములో సున్నలను వెదకుకొనును. పద్యమునకు మరియొక సుగుణము కలదు. ఈ ఆటవెలది మొదటి పాదమున 'బండిని' అనుటకు 'బడిని' అని వ్రాసినచో, గురువు లఘువై ఇంద్రగణము చెడును, నడక కుంటుపడును. కన్ను దాటిపోయిన తప్పును చెవి పట్టుకొనును. వచనమునకు ఈ కావలి లేదు.

అయితే తప్పును పట్టుట సగము విద్య మాత్రమే. ఒప్పును తప్పనుకొని దిద్దకుండుట మిగిలిన సగము. కలకత్తాకు నైరుతి దిశగా, హుగ్లీ తీరమున ఒక పట్టణమున్నది. దాని పేరు బడ్జ్ బడ్జ్. ప్రూఫులో ఈ పేరు కనబడినపుడు, ఒకే మాట పొరపాటున రెండుమారులు పడినదని తలచి, తొందరపాటువాడు ఒకదానిని కొట్టివేయును. అతడు శ్రద్ధ లేనివాడు కాడు. తెలియనిచోట అడుగవలెనను వినయము లేనివాడు.

ఈ వినయమును నేర్పుటలో వంగదేశపు సుకుమార్ రాయ్‌ని మించిన గురువు అరుదు. ఆయన 1911లో ఇంగ్లండునకు పోయి, లండనులోను మాంచెస్టరులోను ముద్రణవిద్య నభ్యసించి, 1913లో తిరిగివచ్చిన అచ్చుపనివాడు. అట్టివాడే అచ్చుతప్పులవలె కనబడు మాటలను సృష్టించెను. బాతును ముళ్లపందిని అతికించి ఒకే జంతువుగా చేసి, పేరును గూడ అట్లే అతికించెను. ఆయన కథ యొకదాని పేరు 'హ య వ ర ల'. వంగభాషలో ఆ పలుకునకు గందరగోళమని అర్థము. దానిని 'య ర ల వ హ' అని దిద్దిన విద్యార్థి హాస్యమును చంపినవాడగును. అంతేకాదు, ఆ వరుస పాణిని వ్యాకరణమునకు ఆధారమైన మాహేశ్వర సూత్రములలోని వరుసయే! బాలునికి తారుమారుగా తోచినది వైయాకరణునికి క్రమము. రోగశయ్యపై నుండియే 'ఆబోల్ తాబోల్' గ్రంథపు కూర్పును సవరించుకొనిన సుకుమార్ రాయ్ 1923 సెప్టెంబరు 10న మరణించెను. గ్రంథము తొమ్మిదిదినముల తరువాత వెలువడినది. అసంబద్ధ కవిత్వమును ఎంత సంబద్ధముగా అచ్చువేయవలెనో దానికి ఆ జీవితమే నిదర్శనము.

నవ్వుటకు అలవాటుపడినవారు తప్పును తేలికగా తీసికొందురేమో, తప్పుచేసినవానిని హేళన చేయుదురేమో అను శంక న్యాయమైనదే. కనుక ఉపాధ్యాయుడు నవ్వును అక్షరముపైననే నిలుపవలెను, విద్యార్థిపైకి పోనీయరాదు. నవ్వరాని చోటులున్నవనియు చెప్పవలెను.

బడ్జ్ బడ్జ్ అట్టి చోటే. కెనడాలో ప్రవేశము నిరాకరింపబడి తిరిగివచ్చిన కొమగాట మారు నౌకలోని ప్రయాణికులపై 1914 సెప్టెంబరు 29న అచ్చట కాల్పులు జరిగినవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2013లో ఆ రైలుస్టేషను పేరునకు నౌక పేరును చేర్చిరి. ఆ తేదీలో ఒక అంకె మారినను, ఆ పేరులో ఒక మాట పోయినను, దాని వలన నష్టపోవువారు తిరిగివచ్చి ఫిర్యాదు చేయలేరు. మాటాడలేనివారి పక్షమున అక్షరమును కాచుట ధర్మము. బండికిని బడికిని నడుమ సున్నను వెదకిన బాలుడు, తాను నవ్వుచు నేర్చినది ఈ ధర్మమే యని ఒకనాడు గ్రహించును.