చరిత్రసత్యము, క్రీడాధర్మము

ఆటకు ప్రాణము సమత. ఇరుపక్షములకును గెలుపునకు అవకాశము లేనిచో దానిని ఆట యని ఎవ్వరును అనరు. చరిత్రకు ప్రాణము యథార్థత. జరిగినదానిని జరిగినట్లు చెప్పనిచో అది చరిత్ర కాజాలదు. కాని జరిగిన యుద్ధములలో ఇరుపక్షములును సమానబలము గలవై యుండుట మిక్కిలి అరుదు. కావున ఒక యథార్థ యుద్ధమును ఆటగా మలచబూనినవానికి ఈ రెండు ధర్మములలో దేనిని కాపాడవలెను, దేనిని సడలింపవలెను అను ప్రశ్న తప్పదు. పైకి ఇది వినోదమునకు సంబంధించిన చిన్న సమస్యవలె కనబడును. లోతుగా చూచినచో, మరణించినవారి యెడ మనకు గల బాధ్యతకును, ఎదుటనున్నవారి యెడ గల బాధ్యతకును నడుమ తీర్పు చెప్పవలసిన సమస్య ఇది.

1980ల చివరినుండియు వేర్వేరు దేశములవారు తమ తమ ఇండ్లలో కంప్యూటరుల ముందు కూర్చుండి, తంతుల మూలమున ఒకరితో నొకరు కలిసి, రెండవ ప్రపంచ యుద్ధమునాటి విమానములను తెరపై నడుపుచు పోరాడుచున్నారు. అట్టి ఆటలలో తొలివానిలో ఒకటి 'ఎయిర్ వారియర్'. 2001లో రష్యాలో రూపొందిన 'ఇల్-2 స్టుర్మోవిక్' ఈ అభిరుచిని ఇంకను వ్యాపింపజేసినది. వీరిలో కొందరు ఇష్టము వచ్చినట్లు ఎగిరి కాల్చుకొనుటతో తృప్తిపడరు. నియమిత దినమున, నియమిత వేళకు అంతర్జాలమున సమావేశమై, చరిత్రలోని ఒకానొక యుద్ధమును మరల ఆడుదురు. నిర్వాహకులు ముందుగా గ్రంథములు పరిశీలించి, ఏ పక్షమునకు ఏ విమానములు, ఎన్ని, ఎచ్చటినుండి, ఎంత ఇంధనముతో అని నిర్ణయింతురు. ఒకసారి కూలినవాడు ఆనాటికి మరల ఎగురరాదను నియమమును పెట్టుటయు కలదు. వివాదమంతయు ఈ నిర్ణయముల యొద్దనే పుట్టును.

ఒక ఉదాహరణము చూతము. 1942 జూన్ 4న మిడ్వే ద్వీపము చెంత జరిగిన యుద్ధమున, 'హార్నెట్' అను అమెరికా విమానవాహక నౌకనుండి 15 'డెవాస్టేటర్' టార్పీడో విమానములు జపాను నౌకలపైకి వెళ్లినవి. అవి మందగమనము గలవి. కాపుగా వచ్చిన యుద్ధవిమానము ఒక్కటియు లేదు. పదునైదును కూలినవి. వానిలోని 30 మందిలో బ్రతికినవాడు ఒక్కడే. ఈ యుద్ధమును ఆటగా ఆడునపుడు ఆ ఆసనములలో ఎవరిని కూర్చుండబెట్టవలెను? వారమంతయు పనిచేసి, సెలవుదినమున రెండు గంటలు ఆడుకొనవచ్చినవానిని, కొద్ది నిముషములలో కూలిపోవుట నిశ్చయమని తెలిసి పంపుట న్యాయమా? పోనీ, ఆ విమానమునకు లేని వేగమును, లేని కవచమును ఇచ్చుట సత్యమా?

దీనికి రెండు సమాధానములు వినబడుచున్నవి. ఆట మొదట ఆట గనుక బలాబలములను సరిచేయవలెనని కొందరందురు. రెండు పక్షములకును దాదాపు ఒకే శక్తిగల విమానములిచ్చి, మిక్కిలి బలమైనవానిని తొలగింపుమందురు. గంటకు సుమారు 870 కిలోమీటర్ల వేగము గల జర్మను జెట్టు మెస్సర్‌ష్మిట్ 262ను, సుమారు 700 కిలోమీటర్ల వేగము గల ముస్టాంగునకు ఎదురుగా నిలుపుట అన్యాయమందురు. మరికొందరు, ఉన్నది ఉన్నట్లుండనిండు, చరిత్రలో ఓడినవాడు ఆటలోను ఓడుగాక యందురు. మొదటివారు చరిత్రను వేషమాత్రముగా చేయుచున్నారు. పేరు స్పిట్‌ఫైరు, రంగు స్పిట్‌ఫైరు, లోపలనున్నది మరియొకటి. రెండవవారు ఆటను తద్దినముగా మార్చుచున్నారు. తంతు నడచును గాని అందులో ఎవ్వరికిని చేయవలసిన నిర్ణయ మేదియు మిగులదు.

మొదటివారి పొరపాటును ముందు విచారింతము. యుద్ధమునందలి అసమానతలు పైన అంటిన మురికి కావు, కడిగివేయుటకు. అనేక పర్యాయములు అవియే ఆ యుద్ధగతికి కారణములు. 1940లో బ్రిటను గగనమున జరిగిన పోరాటమున జర్మనుల మెస్సర్‌ష్మిట్ 109 విమానమునకు లండను నగరముపై పోరాడుటకు దొరికిన వ్యవధి కొద్ది నిముషములు మాత్రమే. అంతకు మించి నిలిచినచో తిరిగి పోవుటకు ఇంధనము చాలదు. ఆటగాండ్రకు విసుగు కలుగునని ఆ కొరతను తొలగించినచో, లండను నిలుచుటకు గల కారణములలో ఒకటి తొలగిపోవును. బ్రిటిషువారికిని లోపములు కలవు. స్పిట్‌ఫైరు, హరికేను విమానములు చటుక్కున ముక్కు వంచి క్రిందికి దూకినపుడు ఇంధనము అందక ఇంజను క్షణకాలము ఆగిపోవుచుండెను. జర్మను ఇంజనులో ఆ దోషము లేదు. బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు 1941లో రంధ్రము గల చిన్న లోహపు బిళ్లతో ఆ దోషమును చాలవరకు అదుపులోనికి తెచ్చినది. 1940 నాటి వైమానికునకు ఆ బిళ్ల లేదు. అతడు ఆ దోషముతోనే పోరాడినాడు. దానిని దాటుటకు ఉపాయములు కనిపెట్టినాడు. ఆ దోషమును తుడిచివేయుట అతని నేర్పును తుడిచివేయుటయే యగును.

అయిన సమత ఎట్లు సిద్ధించును? సమత యనగా ఏకరూపత యని మనము పొరబడుటయే ఈ చిక్కునకు మూలము. మన పల్లెలలో అరుగులపై గీతలు గీసికొని ఆడు పులిమేకల ఆటను గమనింపుడు. పులులు మూడు, మేకలు పదునైదు. పులి మేకను చంపగలదు. మేక పులిని చంపజాలదు. మేకల పక్షము వాడు పులులను కదలనీయక కట్టివేసినచో గెలుచును. రెండు పక్షముల బలము వేరు, నడక వేరు, గెలుపునకు అర్థమును వేరు. అయినను ఇది అన్యాయమైన ఆట యని ఎవ్వరును అనలేదు. మేకకు కోరలు పెట్టవలెనని ఎవ్వరును కోరలేదు. భారతయుద్ధమున ఒకవంక పదునొకండు అక్షౌహిణులు, ఒకవంక ఏడు. యుద్ధారంభమున రథికుడు రథికునితోను, గజారోహకుడు గజారోహకునితోను పోరవలెనని ఇరుపక్షములును నియమములు చేసికొనినవి గాని, కౌరవులు రెండు అక్షౌహిణులను పాండవులకిచ్చి లెక్క సరిచేయవలెనని ఎవ్వరును అడుగలేదు. నియమము ప్రవర్తనకు, బలమునకు కాదు.

ఈ సూత్రమును ఆకాశక్రీడకు అన్వయించినచో మార్గము కొంత స్పష్టమగును. యంత్రములను చరిత్రకు విడువవలెను. గెలుపునకు కొలతను, ఆటగాండ్ర విభజనను నిర్వాహకుడు తన న్యాయబుద్ధితో నిర్ణయింపవలెను. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్టు కర్మాగారములపైకి 291 అమెరికను బాంబరులు బయలుదేరినవి. 60 తిరిగి రాలేదు. అనగా ఐదింట ఒకటికి మించి నష్టము. ఈ దాడిని మరల ఆడునపుడు, బాంబరులవారు ఆ నిష్పత్తికంటె తక్కువ నష్టముతో పని ముగించుకొని వచ్చినచో వారిదే గెలుపని నియమింపవచ్చును. ఒక్క విమానమునైనను మార్చలేదు; అయినను ఇరువురికిని ఆశ కలిగినది. మొదటి దినమున బాంబరులను నడిపినవారికి రెండవ దినమున శత్రువిమానముల నిచ్చి, కష్టమును వంతులవారీగా పంచవచ్చును. జెట్టు విమానములను పూర్తిగా నిషేధింపక, ఆనాడు ఎగిరిన కొలదిపాటి సంఖ్యకు పరిమితము చేయవచ్చును. మిడ్వేలో వరుసగా వచ్చిన టార్పీడో దళములతో జపాను రక్షకవిమానములు పెనగులాడుచుండగా, పైనుండి దిగిన 'డాంట్లెస్' విమానములు మూడు నౌకలకు నిప్పంటించినవి. కావున ఆటలో డెవాస్టేటరు నడుపువానికి, అతడు కూలినను, శత్రువును ఎంతసేపు నిలిపినాడో అంత ఫలము లెక్కింపవచ్చును. అప్పుడు అతని త్యాగమునకు ఆటలోను అర్థముండును.

అనువాదము చేయువారికి ఈ సమస్య క్రొత్తది కాదు. హిందీ గ్రంథమును తెలుగు చేయునపుడు మూలకర్త అనని మాటను అతనిచేత అనిపించు అధికారము నాకు లేదు. కాని వాక్యములను తెలుగు నడకకు తగినట్లు అమర్చి, పాఠకుడు లోపలికి వచ్చుటకు త్రోవ చేయు బాధ్యత నాకు కలదు. మూలమును మార్చి పాఠకుని మెప్పించుట సులభము. పాఠకుని విడిచి మూలమును మ్రొక్కుటయు సులభమే. కష్టమైనది మూడవది: మూలమును అట్లేయుంచి, ప్రవేశమార్గమును మాత్రము సరిచేయుట.

ఇక రెండవవారి పొరపాటు. ఫలితము చరిత్రలో ఉన్నట్లే రావలెనని పట్టుపట్టువారు ఒక సత్యమును మరచుచున్నారు. 1940 వేసవిలో విమానమెక్కినవానికి శరత్కాలమున ఏమి జరుగునో తెలియదు. ఆ తెలియనితనము ఆనాటి సత్యములో ముఖ్యభాగము. ఫలితమును ముందే బిగించినచో మనము చరిత్రను అనుసరించినట్లు కాదు. చరిత్రలోని మనుష్యులను చేతగాని బొమ్మలనుగా చేసినట్లగును. అదిగాక, తెలిసినదని మనమనుకొను లెక్కలును అంత గట్టివి కావు. 1940 సెప్టెంబరు 15న తాము 185 జర్మను విమానములను కూల్చితిమని బ్రిటిషువారు ప్రకటించిరి. పిదప శత్రువుల పత్రములు చూడగా ఆ సంఖ్య సుమారు 60 అని తేలినది. వారు కావలెనని అబద్ధమాడలేదు. ఒకే విమానముపై పలువురు కాల్చి, పలువురును తమదే గెలుపని నమ్మిరి. ఇట్టి పత్రములపై నిలిచిన యథార్థత వినయము గలదై యుండవలెను. వైమానికుల శిక్షణ, ఆకలి, నిద్రలేమి, మరణభయము తెరమీదికి రానేరావు. 1944 నాటికి జపాను వైమానికులలో పలువురు చాలినంత శిక్షణ లేనివారు. నేడు అదే విమానమును తెరపై నడుపువాడు ఏండ్ల తరబడి అభ్యాసము చేసినవాడు కావచ్చును. కూలినవాడు లేచి కాఫీ త్రాగును. ఈ ఒక్క భేదమును మరువనివాడు తన ఆట సంపూర్ణ సత్యమని ఎన్నడును అనడు.

చివరకు, సమతకును ఒక ఎల్ల కలదు. తెలుగులో మనము నిష్పక్షపాతము అందుము; హిందీలో తరచుగా నిష్పక్ష్ అందురు. మొదటిది, పక్షములు ఉన్నను ఒకవైపునకు అన్యాయముగా ఒరగకుండుట. రెండవది, అక్షరార్థమున, అసలు పక్షమే లేకుండుట. ఆటగాండ్ర నడుమ నిర్వాహకుడు నిష్పక్షపాతముగా నుండవలసినదే. కాని ఇరువురకును సమానావకాశ మిచ్చినంతమాత్రమున, వారు నడుపు విమానములు సేవించిన ప్రయోజనములు సమానమైనవి కావు. జర్మను విమానపు వేగమును మెచ్చుకొనుటలో దోషము లేదు. అది ఏ ప్రభుత్వము కొరకు ఎగిరినదో మరచుటలో దోషమున్నది. ఆటలోని సమత తీర్పులోని సమతగా జారిపోరాదు.

సమత పేరిట మరుగునపడువారు మరికొందరు కలరు. 1942 ఫిబ్రవరిలో బర్మాలో భారత వైమానికదళపు మొదటి స్క్వాడ్రను, కరుణ్ కృష్ణ మజుందారు నాయకత్వమున, లైసాండరు విమానములకు బాంబులు తగిలించి జపాను విమానాశ్రయములపై దాడి చేసినది. లైసాండరు సైన్యమునకు తోడ్పడుటకు, పరిశీలనకు నిర్మించిన మందగమన విమానము. సమబలమునే కోరు ఆటలో దానికి చోటు దొరకదు. దానితోపాటు ఆ మనుష్యులకును దొరకదు. అదే సంవత్సరము ఏప్రిల్ 5న కొలంబోపైనను, 6న విశాఖపట్టణము, కాకినాడలపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ దినమున నేలపై నున్నవారికి ఏ ఆటలోను ఆసనము లేదు. వారికి అంకములు కేటాయించుట సాధ్యము కాదు. కాని బాంబు పడినచోట మనుష్యులుండిరని ఆట నడుపువారు ఆరంభమున ఒక్క మాట చెప్పుట సాధ్యమే.

యంత్రమును ఉన్నట్లుంచుట మృతులకు మనము చెల్లించు ఋణము. గెలుపు కొలతను న్యాయముగా నిర్ణయించుట జీవించియున్నవారికి చెల్లించు ఋణము. ఒకరి ఋణమును తీర్చుటకు మరియొకరి సొమ్మును తీయవలసిన అవసరము లేదు. ఏ సొమ్ము ఎవరిదో గుర్తెరుగుటయే ఇచ్చట వివేకము. ఆట ముగిసి తెర ఆరిన పిదప, గెలిచినవాడు ఆ పదునైదు డెవాస్టేటరులను గూర్చి ఒక పుస్తకము తెరచి చూచెనేని, ఆ నిర్వాహకుడు తన ధర్మమును నెరవేర్చినట్లే.