పాకం కుదిరితేనే పేరు

ఫ్రెంచి బిస్కెట్ల కొట్టు అనగానే అద్దాల బీరువాలు, రంగుల రేకు డబ్బాలు మన కళ్లలో మెదులుతాయి. నిజానికి అక్కడ అమ్ముడయ్యేది ఊరి పేరు. నాంత్ పట్టణంలో లూయీ లెఫెవ్ర్-యుతీల్ 1886లో చేసిన వెన్న బిస్కెట్టునే చూడండి. గోధుమపిండి, చక్కెర, వెన్న. ఎక్కడైనా దొరికే సరుకే. అంచు చుట్టూ చిన్న చిన్న పళ్లు, నడుమ మాత్రం ‘నాంత్’ అని అచ్చు. మన కరువు సీమలో బత్తలపల్లె చుట్టుపక్కల చేలల్లో పండే చెనిక్కాయ మాత్రం నూనె మిల్లుకెళ్లి ఊరూ పేరూ లేనిదైపోతుంది.

కరువు సీమకు మిఠాయి కొట్ల సోకెందుకు అంటారేమో. తమిళనాట కోవిల్‌పట్టిదీ మెట్ట సీమే. అక్కడి చెనిక్కాయ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బెల్లం, పప్పులు కలిపిన చెక్క ఏ ఊళ్లో దొరకదు అనేది ఇంకో ఆక్షేపణ. మరి బిస్కెట్టు దొరకని ఊరుందా? అయితే ఒక మాట ఒప్పుకోవాలి, పేరు అచ్చేస్తే చాలదు. పాకం చుక్క నీళ్లలో వేసి, ఆ ఉండను పళ్లానికేసి కొడితే ఖంగుమనాలి. లేతపాకమైతే చెక్క పళ్లకు అతుక్కుంటుంది. అప్పుడు ఎంత రంగు కాగితం చుట్టినా రెండోసారి అడిగేవాళ్లుండరు.