విషాదమును విన్నవించుట

గీతోపదేశమునకు ముందున్నది అర్జునుని విషాదము. గాండీవము చేజారెను, మేను వణకెను. రథముపై కూలబడిన ఆ వీరుని మొగము పార్థసారథికి కానవచ్చుచునే యుండెను. మొదట మందలించినను, రెండవ అధ్యాయము 7వ శ్లోకమున అర్జునుడు తన కలతను ఒప్పుకొని, శిష్యుడనై శరణుజొచ్చితినని విన్నవించిన పిమ్మటనే, 11వ శ్లోకమునుండి స్వామి ఉపదేశమారంభించెను.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన విశ్వవిద్యాలయములు మూతపడగా పాఠములు ఫోనులకెక్కెను. హాస్టళ్లు విడిచి ఇల్లు చేరిన విద్యార్థులు సిగ్నలుకై మేడలెక్కిరి. నేటికిని ఆన్‌లైన్ చదువులు సాగుచునే యున్నవి. అచట కెమెరా ఆపినచో వాడిన మొగము గురువునకు కానరాదు; మైకు ఆపినచో నిట్టూర్పు వినరాదు. తానొక్కడే వెనుకబడితినని తలచి, అడుగుటకు వెఱచి, రేయెల్ల మేల్కొని కుములువారు గలరు.

అట్టివారు నోరు విప్పి అధ్యాపకునకో, మిత్రునకో, తల్లిదండ్రులకో చెప్పుకొనవలెను. వేదన మిక్కుటమైనచో వైద్యుని ఆశ్రయింపవలెను. అది పిరికితనము కాదు, అర్జునుడు పిరికివాడా? ఆహారనిద్రలయందు మితము గలవానికే యోగము దుఃఖమును బాపునని ఆరవ అధ్యాయమున స్వామి సెలవిచ్చెను. కావున వేళకు ఫోను పక్కనబెట్టి నిదురించుటయు సాధనయే.

గురువు దూరమున నున్నను ఇంటి పెద్దలు అదే రథముననున్నారు. మార్కులెన్నియని అడుగుటకు ముందు "నాయనా, మనసెట్లున్నది?" అని వారడుగవలెను. వినువారున్న యింట విషాదమును యోగమగును. పార్థసారథి మన బిడ్డలకు ధైర్యమును, పెద్దలకు ఆలకించు ఓర్పును ప్రసాదించుగాక!