ప్రాకారమునకు ముందు



మా నూజివీడు ప్రాంతపు మామిడితోటలు పూతమీదనున్న దినములలో మేము సంఘ యౌవనస్థులతో కలిసి విజయవాడ దగ్గరి కొండపల్లి కోటను చూడబోయితిమి. 14వ శతాబ్దములో కట్టబడిన కోట అది. తరువాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు దానిని వశపరచుకొనిరి. 1766లో ఆంగ్లేయుల చేతికి చిక్కెను. ఇప్పుడు కొండమీద ఏలువారెవరును లేరు. క్రింది ఊరిలో మాత్రము పనివారు తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చేయుచు బ్రతుకుచున్నారు.

"అయ్యగారూ, ఎంత గట్టి గోడలు!" అని యౌవనస్థులు ఆశ్చర్యపడిరి. ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. ఏలయనగా ఈ యేటి మామిడి రాబడిలోనుండి మందిరమునకు ప్రహరీ కట్టవలెనని పెద్దలతో కూర్చుండి తీర్మానించినవారము మేమే. ఆ కోటను ఏలిన రాజుల పేర్లు పిల్లలకు చెప్పగలిగితిమి గాని, రాళ్లు మోసినవారి పేరు ఒక్కటియు చెప్పలేకపోతిమి.

గోడ కట్టుట తప్పా? కాదు. నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో ముగించెను. అయితే 5వ అధ్యాయము చూడుడి. పని నడుచుచుండగానే బీదలు మొఱపెట్టిరి. ధాన్యముకొరకు వారి పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదువలో నున్నవి. గోడ ముగిసిన తరువాత విందునని నెహెమ్యా చెప్పలేదు. సభ కూర్చెను, తానును అప్పిచ్చినవాడనని ఒప్పుకొనెను, కుదువసొత్తు తిరిగి ఇప్పించెను.

మన ఊళ్లలోను పూత చూచియే తోటను గుత్తకిచ్చి, ఆ బయానాను జబ్బుకో పెండ్లికో వ్యయపరచిన కుటుంబములు గలవు. కాపు ఎంత విరివిగా వచ్చినను పండు వారిది కాదు. వడ్డీకి ఇచ్చినవాడును, తీసికొన్నవాడును ఒక్కొక్కప్పుడు ప్రభువు బల్లయొద్ద ప్రక్కప్రక్కనే కూర్చుందురు. అట్టి బీదవాని గుమ్మమునొద్ద చందా పుస్తకము ఏ ముఖముతో తెరచెదము?

అందుచేత ప్రహరీ చందా ఈ యేటికి నిలిపితిమి. వాయిదాపడిన గోడ ఎన్నటికిని లేవదని కొందరు పెద్దలు నొచ్చుకొనిరి. పశువులు ఆవరణలో తిరుగుచున్నవి గనుక వారి మాటలోను న్యాయమున్నది. అయినను మొదట వడ్డీ విడువుమని అప్పిచ్చినవారిని ఇంటింట అడుగుచున్నాము. ఇద్దరు విడిచిరి. ఒకరు తలుపు వేసికొనిరి. ఆయన యింటికి మరల వెళ్లెదము.

ఈ నెల ప్రతి కుటుంబమును నెహెమ్యా 5వ అధ్యాయమును ప్రార్థనతో చదువవలెనని మనవి.