నూరో టెస్టు

ఆటకీ ఓటుకీ ఎక్కడో చుట్టరికం ఉందేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. చెవికి రెండూ ఒక తల్లి బిడ్డల్లాగే వినిపిస్తాయి. రెండింటికీ జనం కావాలి, ఈలలు కావాలి, జెండాలు కావాలి. రెండింట్లోనూ ఓడినవాడు పిచ్ బాగాలేదనే అంటాడు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, ఆటలో మన మనసు దోచుకున్నవాడు ఒకనాడు ఖద్దరు తొడుక్కుని, మన గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టినప్పుడు. ఇన్నాళ్ళూ మనం అతనికి చప్పట్లు కొట్టాం. ఇప్పుడతను మనకి చేతులు జోడిస్తున్నాడు. ఆ చప్పట్లకీ ఈ నమస్కారానికీ మధ్య ఏమైనా లెక్క ఉందా? మనకి ఆనందం ఇచ్చినవాడికి మనం ఓటు బాకీ ఉంటామా?

ఈ మాట నలుగురిలో అంటే నవ్వేస్తారు. కాని హైదరాబాదులో ఉండేవాడికి ఇది నవ్వులాట కాదండీ. మన ఊళ్ళోనే దీనికి నిలువెత్తు ఉదాహరణ ఉంది. పేరు మహమ్మద్ అజహరుద్దీన్.

కుర్రకారు కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పెద్దలు క్షమించాలి. 1963 ఫిబ్రవరి 8న ఈ ఊళ్ళోనే పుట్టాడు. ఆల్ సెయింట్స్ స్కూల్లోనూ నిజాం కాలేజీలోనూ చదివాడు. 1984 డిసెంబరు 31న కలకత్తాలో ఇంగ్లండుతో మొదలైన టెస్టులో తొలిసారి దేశం తరఫున దిగి 110 పరుగులు చేశాడు. తరవాత మద్రాసులో 105. ఆ తరవాత కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు! అంతకు ముందు ఎవరూ చెయ్యలేదు, తరవాతా ఎవరూ చెయ్యలేదు.

అంకెలు సరే, ఆ మణికట్టు సంగతి ఎలా చెప్పను? లాడ్ బజారులో గాజులు తొడిగేవాళ్ళని చూశారు కదా. చెయ్యి పట్టుకున్నట్టే ఉండదు, నొప్పి తెలియదు. మణికట్టు ఇలా తిప్పుతారో లేదో, ఇరుకైన గాజు కాస్తా అవతలికి జారిపోతుంది. అజహర్ ఆఫ్ స్టంపు బయటపడ్డ బంతిని లెగ్ సైడుకి తిప్పి పంపించడమూ అచ్చం అంతే. బౌలరుకి నొప్పి తెలిసేసరికి బంతి బౌండరీ దగ్గర ఉండేది.

అలా 99 టెస్టులు ఆడాడు. 6215 పరుగులు, 22 సెంచరీలు. నలభైఏడు టెస్టులకి కెప్టెన్సీ చేసి పద్నాలుగు గెలిపించాడు. వన్‌డేలు 334, పరుగులు 9378. ఆఖరి టెస్టు 2000 మార్చిలో బెంగుళూరులో, దక్షిణాఫ్రికా మీద. అందులోనూ సెంచరీయే, 102. సెంచరీతో గడప దాటి లోపలికొచ్చి, సెంచరీతోనే గడప దాటి వెళ్ళిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో, మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద క్రికెట్ బోర్డు అతన్ని జీవితాంతం ఆటనుంచి వెలివేసింది. తొంభైతొమ్మిది తొంభైతొమ్మిదిగానే ఉండిపోయింది.

ఆ మిగిలిపోయిన ఒక్కటీ ఈ ఊరి గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

2023 నవంబరులో, అసెంబ్లీ ఎన్నికల రోజుల్లో, చార్మినార్ పక్క సందులో ఒక ఇరానీ హోటల్లో నేను టీ తాగుతుండగా ఈ వెలక్కాయ గురించే వాదన నడిచింది. వాదించేవాళ్ళు ఇద్దరు. ఒకాయన గడియారాలు బాగుచేసే పెద్దాయన. చార్మినార్‌కి నాలుగువైపులా 1889లో పెట్టిన గడియారాలున్నాయి కదా, వాటిని తలెత్తి చూసి టైము సరిగ్గా ఉందో లేదో తీర్పు చెప్పడం ఆయనకి రోజూ ఉన్న పని. రెండోవాడు గాజుల కొట్టు కుర్రాడు.

"వంద ఆడాల్సినవాడు సాబ్. ఒకటి మిగిలిపోయింది. ఆ ఒక్కటీ మనం బాకీ. ఓటేసి తీర్చేస్తే పోలా?" అన్నాడు పెద్దాయన నాతో, నేను తీర్పరినైనట్టు.

కుర్రాడు ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచి ఆగాడు. "చాచా, నువ్వు గడియారం బ్రహ్మాండంగా బాగుచేస్తావు. అంతమాత్రాన నీ దగ్గర పన్ను పీకించుకుంటారా ఎవరైనా?"

"ఉన్న పళ్ళ డాక్టర్లు మహా పీకుతున్నారులే!" అన్నాడు పెద్దాయన.

హోటలంతా నవ్వింది. ముంచిన బిస్కెట్టు టీలో మునిగిపోయింది. నేను మెల్లిగా, "ఇంతకీ మీ ఇద్దరి ఓట్లూ ఎక్కడ?" అన్నాను. ఇద్దరివీ చార్మినార్ నియోజకవర్గంలోనే. అజహర్ నిలబడ్డది జూబ్లీహిల్స్‌లో. ఓటు లేనిచోటే వాదం జోరు! కాని వాళ్ళ వాదం మాత్రం నన్ను ఇంటిదాకా వెంబడించి వచ్చింది.

ముందు జరిగిన కథ చూడండి. అజహర్ 2009 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌లో చేరి, ఆ ఏడాదే ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ ఊరు అది. మన గోల్కొండ ఎక్కడ, ఆ గంగా మైదానం ఎక్కడ! 2014లో రాజస్థాన్‌లో టోంక్–సవాయి మాధోపూర్ నుంచి నిలబడి ఓడిపోయాడు. 2023లో సొంత ఊళ్ళో నిలబడి ఇక్కడా ఓడిపోయాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. ఆనాటికి ఆయన శాసనసభ్యుడూ కాడు, మండలి సభ్యుడూ కాడు. అలా చెయ్యడానికి రాజ్యాంగం ఒప్పుకుంటుంది, కాకపోతే ఆరునెలల్లోగా ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. కొత్త బ్యాట్స్‌మన్ క్రీజులోకి రావడానికి క్రికెట్‌లో రెండు మూడు నిమిషాలే ఇస్తారు. రాజకీయం కాస్త ఉదారమైన ఆట.

ఇక వెలి సంగతి. 2012 నవంబరు 8న మన హైకోర్టు, ఆ జీవితకాలపు నిషేధం చట్టప్రకారం చెల్లదని కొట్టేసింది. అప్పటికి అతనికి నలభైతొమ్మిదేళ్ళు. కోర్టు శిక్షని తీసెయ్యగలదు కాని ఆడే వయసుని తెచ్చివ్వలేదు కదా. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. మొరాదాబాదు ఓటర్లు 2009లోనే అతన్ని గెలిపించారు. అంటే ప్రజల తీర్పు ముందు వచ్చింది, న్యాయస్థానం తీర్పు మూడేళ్ళు వెనకాల వచ్చింది. అయితే ఓటర్లు తీర్చింది ఏ కేసు?

ఇక్కడే కాస్త నిదానించాలి. ఎన్నికల్లో గెలవడం గంగలో మునగడం లాంటిదని మనవాళ్ళలో ఒక నమ్మకం. గెలిచినవాడి మీద మచ్చ ఉంటే పోయినట్టే, ఓడినవాడి మీద మచ్చ లేకపోయినా అంటినట్టే. రెండూ తప్పేనని నా మనవి. బ్యాలెట్ పెట్టె కోర్టు బోను కాదు. మొరాదాబాదులో గెలుపు నిర్దోషి పత్రం కాదు, జూబ్లీహిల్స్‌లో ఓటమి నేరనిర్ణయమూ కాదు. శిక్ష చెల్లదని కోర్టు చెప్పాక, వీధిలో మనం ఆ శిక్షని మళ్ళీ అమలు చెయ్యడం అన్యాయం. అలాగని ఆ ఆరోపణ విన్ననాడు మన మనసుకి తగిలిన దెబ్బని ఓట్లు లెక్కపెట్టి మాన్పుకోవడమూ కుదరదు.

ఆ దెబ్బ అంతగా ఎందుకు తగిలిందంటారా? మన తెలుగువాళ్ళకి తెరమీది వేల్పులు గద్దెనెక్కడం కొత్త కాదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన రామారావుగారిని చూసిన జాతి మనది. కాని సినిమాలో నాయకుడి గెలుపు ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ సంగతి తెలిసే టిక్కెట్టు కొంటాం, తెలిసే ఏడుస్తాం, తెలిసే ఈలవేస్తాం. అందులో మోసం లేదు. ఆటలో అలా కాదు. ఏదీ ముందుగా రాసి లేదన్న ఒక్క నమ్మకం మీదే టిక్కెట్టు కొంటాం. ఆ నమ్మకం పోతే మిగిలేది పచ్చగడ్డీ తెల్లచొక్కాలూ. అందుకే ఆటలో "ఇది ముందే రాసుకున్నారట" అన్న పుకారు చాలు, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. చిత్రమేమిటంటే, ఎన్నికకీ ఆ నమ్మకమే ప్రాణం. చుట్టరికం ఈలల్లో కాదు, ఇక్కడ ఉంది.

మరి ఆటగాళ్ళు రాజకీయాల్లోకి రాకూడదా? వచ్చితీరచ్చు. ప్లీడరు వస్తే అడగం, కంట్రాక్టరు వస్తే అసలే అడగం, బంతి ఆడినవాడు వస్తే మాత్రం "నీకెందుకయ్యా ఇదంతా" అంటాం. ఇదేం న్యాయం? 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మన హాకీ జట్టుకి కెప్టెన్ జైపాల్ సింగ్. ఆయనే తరవాత రాజ్యాంగసభలో కూర్చుని ఆదివాసుల పక్షాన గొంతెత్తాడు. ఆ గొంతు విన్నవాళ్ళు హాకీకర్రని చూసి వినలేదు. ఆయన చెప్పే మాటలో నిజం ఉందని విన్నారు.

రష్యాలో ఫెతిసోవ్ అని ఒక ఐస్ హాకీ వీరుడున్నాడు. మంచుమీద స్కేట్లు కట్టుకుని ఆడే హాకీ అది. సోవియట్ జట్టుతో 1984లోనూ 1988లోనూ ఒలింపిక్స్ స్వర్ణాలు గెలిచాడు. విదేశానికి పోయి ఆడుకోనివ్వమని సొంత ప్రభుత్వంతో పోట్లాడి, 1989లో అమెరికా వెళ్ళాడు. తిరిగొచ్చి 2002 నుంచి ఆరేళ్ళు ఆ దేశపు క్రీడాశాఖ నడిపాడు, తరవాత చట్టసభల్లో కూర్చున్నాడు. సర్కారుతో కలబడినవాడే సర్కారు అయ్యాడు. తలుపు బయట నిలబడి బాదినవాడికి, లోపలికి వెళ్ళాక బయటివాళ్ళ చప్పుడు వినిపిస్తుందా లేదా? అతనికనే కాదు, ఆటనుంచి గద్దెకి నడిచే ప్రతివాడికీ అసలు పరీక్ష ఇదే.

దీనికి ఎదురు కథ పటౌడీ నవాబుది. భారత జట్టుకి కెప్టెన్ అయివుండీ, రంజీల్లో మన హైదరాబాదు తరఫున జయసింహ కెప్టెన్సీలో హాయిగా ఆడిన మనిషి. 1971లో గుర్‌గావ్ నుంచీ, 1991లో తల్లిగారి ఊరు భోపాల్ నుంచీ లోక్‌సభకి నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. అంతమాత్రాన జనం కృతఘ్నులని ఎవరూ తిట్టలేదు. ఆయన ఆటమీద ప్రేమ ఒక్క చుక్క తగ్గలేదు. అంటే ఏమిటి? జనానికి రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో కృతజ్ఞత ఉంటుంది, రెండోదాంట్లో నమ్మకం. మొదటిది జరిగినదానికి ఇచ్చేది, రెండోది జరగబోయేదానికి ఇచ్చేది. ఒక సంచిలో డబ్బు తీసి ఇంకో సంచి బాకీ తీరిస్తే ఇంటి లెక్కలు ఏమవుతాయో ఇల్లాళ్ళనడగండి, చెబుతారు.

కనక పెద్దాయన మాటకి నా జవాబు ఇది. అజహర్ ఆటకి మనం బాకీ ఉన్న మాట నిజం. ఆ బాకీ ఎప్పటికప్పుడు చప్పట్లతో తీర్చాం. ఇంకా మిగిలిందనిపిస్తే ఇప్పటికీ ఆ మణికట్టుని తలుచుకుని టీకొట్లో మురిసిపోవచ్చు, దానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు. కాని ఓటు గతానికి ఇచ్చే జీతం కాదు, రేపటి పనికి ఇచ్చే బయానా. గుమ్మంలో నిలబడ్డవాడు ఎంత గొప్పవాడైనా సరే, "నీళ్ళెప్పుడొస్తాయి బాబూ, మురిక్కాలవ ఎవరు తీయిస్తారు, మా పిల్లల బడికి పంతుల్ని ఎప్పుడేస్తారు?" అని అడగడం అమర్యాద కాదు. అడక్కపోతేనే అమర్యాద. ఎందుకంటే, అడగకుండా ఓటేస్తే అతన్ని మంత్రిగానో సభ్యుడిగానో మనం గౌరవించినట్టు కాదు, పాత ఫొటోకి దండ వేసినట్టు. బతికున్నవాడి ఫొటోకి దండ వెయ్యకూడదంటారు కదండీ.

ఆ నూరో టెస్టు మైదానంలో ఆడవలసింది. అది ఇక ఎక్కడా జరగదు. పోలింగు బూతులో నిలబడి దాన్ని మనం ఆడించలేం. తొంభైతొమ్మిదిని తొంభైతొమ్మిదిగానే ప్రేమించడం నేర్చుకోవాలి. పదవిలో కూర్చున్న మనిషి ఆట మాత్రం ఒకటి నుంచి మొదలు. దాని స్కోరు రాసే పుస్తకం వేరు, అది మన చేతిలోనే ఉంది.