ఓడిపోవాలనే ఓడిపోవచ్చునా?

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి 'సెవెంటీసిక్సర్స్' అనే వృత్తి బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. 2015-16 సీజనులో ఆ జట్టు 82 పోటీలాడి 10 గెలిచింది, 72 ఓడింది. మొదటి 18 పోటీలలో ఒక్క గెలుపూ లేదు. అంతకు ముందరి రెండేళ్ళూ దాదాపు అంతే: ఒక ఏడు 19 విజయాలు, మరుసటి ఏడు 18. పోటీలన్నాక ఎవరో ఒకరు అట్టడుగున ఉండక తప్పదు గదా, అందులో వింతేముంది అంటారేమో. ఈ ఓటమి ముందుగా వేసుకున్న లెక్క కావడమే వింత.

ఎన్.బి.ఎ. పోటీలలో ఒక ఏర్పాటు ఉంది. ఆ ఏడు వెనుకబడిన జట్టుకు, కొత్తగా వచ్చే యువ ఆటగాళ్ళను ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. బలహీనుడికి చేయూతనివ్వాలన్న మంచి తలంపే ఇది. కాని చేయూత దొరికేచోట బలహీనంగా ఉండడమే లాభమనుకునేవాడూ పుడతాడు. అందుకే 1985లో లాటరీ పద్ధతి పెట్టారు. అయినా చివరి స్థానంలోని జట్టుకు మొదటి ఎంపిక దక్కే అవకాశం చాలాకాలం 25 శాతం ఉండేది. 2019 నుండి దానిని 14 శాతానికి తగ్గించి, చివరి మూడు జట్లకూ సమానం చేశారు. తమ నియమమే తప్పుదారి చూపుతోందని పెద్దలే ఒప్పుకున్నారన్నమాట.

2013లో ఆ జట్టు వ్యవహారాలు చేపట్టిన శామ్ హింకీ, పనికొచ్చే ఆటగాళ్ళను ఇచ్చివేసి రాబోయే సంవత్సరాల ఎంపిక హక్కులను కూడబెట్టాడు. మైకేల్ కార్టర్ విలియమ్స్ 2014లో ఉత్తమ నూతన ఆటగాడిగా బహుమానం పొందితే, మరుసటి ఫిబ్రవరిలోనే అతడినీ పంపివేశారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మైదానంలోని కుర్రవాళ్ళు కావాలని ఓడలేదు. వారు తమ బ్రతుకు కోసం ఆడారు. గెలవలేని జట్టును కూర్చింది పైవాళ్ళు.

ఇది తప్పా? తొందరపడి తీర్పు చెప్పలేం. రైతు ఒక ఏడు పొలాన్ని బీడు పెడతాడు, మరుసటి ఏడు బాగా పండుతుందని. తండ్రి క్యారమ్స్ ఆటలో చిన్నకొడుకు చేతిలో కావాలనే ఓడతాడు. (పిల్లవాడికి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోతుంది, అది వేరే విషయం.) వీరిని మనం నిందించం. పైగా ఫిలడెల్ఫియా అధికారులు తమ ఉద్దేశాన్ని పెద్దగా దాచనూ లేదు. అభిమానులలో చాలామంది దానికి 'ప్రాసెస్' అని పేరుపెట్టి, నమ్మకం ఉంచమని నినాదాలు కూడా చేశారు.

అయితే బీడు పెట్టిన రైతు తన ఇంటి గాదెలోనే లోటు భరిస్తాడు. ఇక్కడ లోటు ఎవరిది? పదిరోజుల ఒప్పందం మీద వచ్చి, పేరు చెడగొట్టుకుని వెళ్ళిన ఆటగాడిది. కూతురి చేయి పట్టుకుని, టిక్కెట్టు కొని, ఆటను చూపిద్దామని వచ్చిన తండ్రిది. ఆటగాడి యౌవనం నాలుగైదేళ్ళది. అందులో ఒక ఏడాదిని ఇంకెవరి భవిష్యత్తు కోసమో ఖర్చు చేసే హక్కు లెక్కలు వేసేవాడికి ఎవరిచ్చారు? నాకు గుచ్చుకునే ప్రశ్న ఇదే.

ఫలితం సంగతి అడుగుతారు. 2014లో మూడవ ఎంపికగా దొరికిన జోయెల్ ఎంబీడ్ 2023లో లీగు మొత్తానికే అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. అయినా 2024 వరకు చూస్తే ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో రెండవ రౌండు దాటలేదు. ఇది చూపించి 'ఫలించలేదు గనుక తప్పు' అంటే, ఫలించి ఉంటే ఒప్పు అని ఒప్పుకోవలసి వస్తుంది. కాబట్టి ఆ వాదన నాకు వద్దు. ఇదే జట్టు 1972-73లో 9 గెలిచి 73 ఓడింది. కోచ్ రాయ్ రూబిన్‌ను 4 విజయాలు, 47 ఓటముల దగ్గర తొలగించారు. ఆ జట్టును తలచుకుని నవ్వేవారున్నారు గాని, తప్పు చేసిందని అనేవారు లేరు. చేతకాక ఓడింది, అంతే.

హింకీ 2016 ఏప్రిల్‌లో రాజీనామా చేశాడు. ఆ పది విజయాల జట్టులో టి.జె. మెకానెల్ అనే పొట్టి ఆటగాడు ఉండేవాడు. 2015 ఎంపికలో ఏ జట్టూ అతడిని కోరుకోలేదు. ఎవరి లెక్కలోనూ లేనివాడు ఆ ఏడు 82 పోటీలలో 81 ఆడాడు. 2025లో అతడు ఇండియానా జట్టుతో ఫైనల్స్‌కు చేరాడు. అక్కడా ఆ జట్టు ఓడింది, ఏడవ పోటీ దాకా పోరాడి.