పరదేశంలో పళ్ళెం ముందు



మన ఇళ్ళ నుండి ఎందరో యువకులు ఉపాధి నిమిత్తం సింగపూరు వెళుతున్నారు. అమ్మ వడ్డించినదాన్ని అడగకుండా తిన్నవాడు అక్కడ ప్రతి పూటా తనను తాను ప్రశ్నించుకోవాలి: ఇది నాకు ధర్మసమ్మతమేనా?

అక్కడి హాకర్ సెంటర్లలో మలయా, చైనా, తమిళ వంటకాలు ఒకే కప్పు క్రింద దొరుకుతాయి. 'బాకుట్ తే' అంటే పంది పక్కటెముకల పులుసు. 'చార్ క్వే టియో' నూడుల్స్‌ను సంప్రదాయంగా పంది కొవ్వుతో వేపుతారు. 'పంది మాంసం లేదు, పంది కొవ్వు లేదు' అనే బోర్డు చూసి కొందరు నిశ్చింతగా కూర్చుంటారు. కాని కోడిని జబహ్ చేశారా, వంటలో మద్యం కలిపారా అన్నది ఆ బోర్డు చెప్పదు కదా!

1968లో ఏర్పడిన అక్కడి ఇస్లామీయ మండలి 'ముయిస్' 1978 నుండి హలాల్ ధ్రువపత్రాలు ఇస్తోంది. దుకాణంలో ఆ పత్రాన్ని, దాని గడువును చూడండి. పత్రం తీసుకోవడం తప్పనిసరి కాదు గనుక, అది లేని ముస్లిం దుకాణాలూ ఉన్నాయి. సలాం చేసి, మర్యాదగా అడిగి తెలుసుకోండి. సుల్తాన్ మసీదు పరిసరాల్లోని కాంపాంగ్ గ్లామ్ వీధుల్లో ముర్తబాక్, బిర్యానీ తృప్తిగా తినవచ్చు. తిన్నాక పళ్ళేన్ని హలాల్ అని రాసిన అరలోనే పెట్టండి.

ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారం తినమని దివ్య ఖుర్ఆన్ (2:168) ఆదేశిస్తోంది. దూర ప్రయాణంలో అలసి, దుమ్ము కొట్టుకుపోయి, ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును వేడుకునే ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, పానీయం, దుస్తులు అన్నీ హరామ్ అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ప్రశ్నించారు.

సోదరులారా! ఇంటికి దూరమైన బిడ్డకు దుఆయే అండ. ఒక పూట రుచి కోసం దాన్ని పోగొట్టుకోవడం ఎంత నష్టం! మరో మాట. పళ్ళెంలో హలాల్ వెదికేవాడు, ఆ పళ్ళేనికి చెల్లించిన డబ్బు ఎలా వచ్చిందో కూడా చూసుకోవాలి. పనివేళలు దొంగిలించి, యజమానిని మోసగించి తెచ్చిన జీతంతో కొన్న ముద్దను ఏ ధ్రువపత్రమూ శుద్ధి చేయలేదు.

తల్లిదండ్రులారా! ఫోనులో "తిన్నావా నాయనా?" అని అడుగుతారు. "ఎక్కడ తిన్నావు, ఏం తిన్నావు?" అని కూడా ప్రేమతో అడగండి.

అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, హలాల్ ఆహారాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.